కఠినపదముల పట్టిక: పరీక్షల చరిత్ర, జ్ఞాపకపు లెక్క

1604 వ సంవత్సరమున లండనులో ఒక చిన్న పుస్తకము అచ్చయినది. దాని కర్త రాబర్ట్ కాడ్రీ అనే బడిపంతులు. అంతకుముందు చర్చిలో పురోహితుడుగా ఉండి, మతాధికారులతో తగవు వచ్చి ఆ పదవి పోగొట్టుకొన్నవాడు. పుస్తకములో సుమారు 2500 మాటలున్నవి. ఒక్కొక్క మాటకు ఎదురుగా దాని అర్థమును ఒకటి రెండు తేలిక మాటలలో చెప్పినాడు. ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థము చెప్పిన మొదటి నిఘంటువు ఇదే. మొదటి ముద్రణలోని ప్రతులలో నేడు ఒక్కటే మిగిలినది. దానిని ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రపరచినారు.

ఇల్లు, నీరు, నడక, నిద్ర వంటి సామాన్యవిషయములను చెప్పే మాటలకు ఆ పుస్తకములో చోటు లేదు. అవి అందరికీ తెలిసినవే గదా! లాటిను, గ్రీకు చదువుకొనే అవకాశము లేనివారు, ముఖ్యముగా స్త్రీలు, ప్రసంగములలోను గ్రంథములలోను తగిలే కఠినపదములను తెలిసికొనుటకే కాడ్రీ దీనిని కూర్చినాడు. నిఘంటువు చూచే అలవాటు ఆనాటి వారికి లేదు. కనుక అక్షరముల వరుసను ముందు కంఠస్థము చేయవలెనని పీఠికలో పాఠకులకు చెప్పవలసి వచ్చినది. నాలుగు శతాబ్దముల తరువాత అమెరికాలో పై చదువులు చదువదలచి హైదరాబాదులోను విజయవాడలోను మన విద్యార్థులు వల్లెవేసిన 3500 మాటల పట్టిక ఈ పుస్తకమునకు దగ్గర చుట్టమే. అయితే కాడ్రీ పట్టికలోని మాటలు రావన్న కారణముచేత ఎవరికీ ఏ విద్యాలయములోను ప్రవేశము తప్పలేదు. మాటలు పరీక్షగా మారుటకు మరి మూడువందల సంవత్సరములు పట్టినది.

సొంత భాషలోని మాటలే సొంతవారికి అర్థము కాకపోవుట ఎట్లు సంభవించినది? 1066 లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత రాజసభలోను న్యాయస్థానములోను ఫ్రెంచి రాజ్యమేలినది. ఆ పైన 16 వ శతాబ్దమున విద్యాపునరుజ్జీవనముతో పండితులు లాటిను, గ్రీకు మాటలను గంపలకొలది దిగుమతి చేశారు. అందుచేత ఇంగ్లీషులో ఒకే భావమునకు రెండు మూడు అంతస్తులలో మాటలు ఏర్పడినవి. కింగ్లీ, రాయల్, రీగల్ అనే మూడింటికీ రాజసంబంధమైనదనే అర్థము. మొదటిది ఇంటి మాట, రెండవది ఫ్రెంచినుండి వచ్చినది, మూడవది లాటినునుండి వచ్చినది. తెలుగువారికి ఇది వింత కాదు. నీరు అనే మాట ఉండగానే జలము, ఉదకము, తోయము అని పండితులు పలుకుట మనము ఎరిగినదే.

ఆనాడు ఈ దిగుమతిని మెచ్చనివారు కూడ ఉన్నారు. సిరాను కొమ్ములో పోసికొని వ్రాసే కాలమది. పాండిత్యప్రకర్షకై వాడే మాటలను వారు "సిరాకొమ్ము మాటలు" అని ఎగతాళి చేసేవారు. 1553 లో థామస్ విల్సన్ తన అలంకారశాస్త్ర గ్రంథములో ఇట్టి మాటలు కుప్పపోసి ఒక వేళాకోళపు ఉత్తరము కల్పించి చూపినాడు. నేడు ఆ ఉత్తరము తీసిచూచినవారికి నవ్వు మరొక కారణమున వస్తుంది. అందులో ఆయన ఎగతాళి చేసిన సెలబ్రేట్, కెపాసిటీ అనే మాటలు ఇప్పుడు తెలుగు ఇండ్లలో చదువురానివారి నోట కూడ వినబడుచున్నవి. ఎక్స్‌టోల్, డెక్స్‌టెరిటీ అనేవి మాత్రము సిరాకొమ్ము వదలి ఎంతో దూరము పోలేదు. అవి పరీక్షల పట్టికలలో చేరినవి.

మాటలు కొలబద్దలైన విధము

1917 లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున దిగినప్పుడు సైన్యములో చేరేవారిని త్వరగా వర్గీకరించుటకు మనస్తత్వ శాస్త్రజ్ఞులు బుద్ధిపరీక్షలను సిద్ధము చేశారు. సుమారు 17½ లక్షలమంది ఈ పరీక్షలకు కూర్చున్నారు. ఇంగ్లీషు చదువగలవారికి "ఆల్ఫా" పరీక్ష. చదువలేనివారికి బొమ్మలతో కూడిన "బీటా" పరీక్ష. రెండేసి మాటలిచ్చి అవి సమానార్థకములో వ్యతిరేకార్థకములో చెప్పమనే భాగము ఆల్ఫాలో ఒకటి.

ఈ పరీక్షల ఫలితములను ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కార్ల్ బ్రిగమ్ పరిశీలించి 1923 లో ఒక గ్రంథము ప్రకటించాడు. ఇతర దేశములనుండి వచ్చి స్థిరపడినవారిలో, అమెరికాలో నివసించిన సంవత్సరములు పెరిగినకొలది మార్కులు పెరుగుట ఆయన గమనించాడు. ఇరువది ఏండ్లు పైబడి ఉన్నవారు ఆ దేశమున పుట్టినవారితో సమానముగా వ్రాశారు. భాషా వ్యవహారమూ అలవాటైనకొలది మార్కులు పెరిగినవనుట సులభమైన సమాధానము. బ్రిగమ్ దానిని కాదని, క్రొత్తగా వచ్చేవారు జాతిచేతనే తక్కువ తెలివిగలవారని తీర్మానించాడు. వలసలను అరికట్టవలెనని వాదించేవారికి ఆ గ్రంథము ఆయుధమైనది. 1924 లో అమెరికా కఠినమైన వలసచట్టము చేసినది. పరాయిభాషలోని మాటలు తెలియకపోవుటకూ తెలివి లేకపోవుటకూ భేదము చూడని శాస్త్రము ఎంత అపకారము చేయగలదో చెప్పుటకు ఇంతకన్న ఉదాహరణము అక్కరలేదు. అయినను బ్రిగమ్‌ను గూర్చి మరొక మాట కూడ చెప్పవలెను. 1930 లో తన పద్ధతి తప్పనీ, తన నిర్ణయములకు పునాది లేదనీ ఆయనే అచ్చులో ఒప్పుకొన్నాడు. అట్లు ఒప్పుకొన్న శాస్త్రజ్ఞులు ఆనాడు అరుదు. ఈనాడు కూడ అరుదే.

ఆ గ్రంథమునకూ ఈ ఒప్పుకోలుకూ నడుమ బ్రిగమ్ నాయకత్వమున ఒక క్రొత్త పరీక్ష పుట్టినది. 1926 జూన్ 23 న కళాశాలలలో చేరదలచిన 8,040 మంది అమెరికా విద్యార్థులు మొదటి ఎస్. ఏ. టి. పరీక్ష వ్రాశారు. 315 ప్రశ్నలు, 97 నిమిషములు. అర్థములు, వ్యతిరేకపదములు, పోలికలు అందులో ముఖ్యభాగములు. పట్టభద్రుల పై చదువులకు ఇటువంటి పరీక్ష కావలెనని కార్నెగీ సంస్థవారు హార్వర్డు, యేల్, ప్రిన్‌స్టన్, కొలంబియా విశ్వవిద్యాలయములతో కలిసి 1936 లో ప్రయత్నము ప్రారంభించారు. 1937 లో ఆ నాలుగుచోట్లను క్రొత్తగా చేరిన విద్యార్థులకు పరీక్ష జరిగినది. గ్రాడ్యుయేట్ రికార్డ్ ఎగ్జామినేషన్, అనగా జి. ఆర్. ఇ., అదే. 1948 లో దీని నిర్వహణ ప్రిన్‌స్టన్‌లో క్రొత్తగా నెలకొన్న ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ చేతికి వచ్చినది.

పరీక్ష కట్టినవారికి మాటలంటే అంత మక్కువ ఎందుకు? అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టిచూస్తే చాలును. అరుదైన మాట తెలిసినవాడు ఆ మాట తగిలేటంత చదువు చదివి ఉంటాడని వారి ఊహ. ఆ ఊహకు కొంత బలమున్నది. పుట్టుభాషలో పదసంపద ఎక్కువగా ఉన్నవారు చదివినదానిని బాగా గ్రహించుట అనేక పరిశీలనలలో తేలినది. పైగా మాటల ప్రశ్న చిన్నది, చవక. దిద్దుటకు పండితుడు అక్కరలేదు. 1938 లో ఐ. బి. ఎం. సంస్థ 805 అనే దిద్దుడుయంత్రమును అమ్మకమునకు తెచ్చినది. పెన్సిలు గీతలోని గ్రాఫైటుకు విద్యుత్తును ప్రసరింపజేసే గుణమున్నది. సరియైన గడిలో గీత ఉంటే విద్యుత్తు ప్రవహిస్తుంది. ఎన్ని గడులలో ప్రవహించినదో యంత్రములోని సూచిక చూపుతుంది. ఈ ఉపాయము కనిపెట్టిన రేనాల్డ్ జాన్సన్ కూడ ఒకప్పుడు బడిపంతులే.

కాని ఆ మెతుకు ఎవరి కుండలోనిదో కూడ చూడవలెను. ఇంగ్లీషు పుట్టుభాషగా గలవాడికి టాసిటర్న్ అనే మాట చిన్నప్పటినుండి పది నవలలలో తగిలి ఉండును. ఒక జిల్లాకేంద్రములో లెక్కలు, భౌతికశాస్త్రము చదివిన తెలుగు విద్యార్థికి అది పట్టికలోనే మొదటిసారి కనబడుతుంది. మాట తెలిసినంత మాత్రమున చదువు వెనుక ఉన్నదనే అనుమానము అక్కడ నిలువదు. ఆ విద్యార్థి విషయములో మాట చదువుకు గుర్తు కాదు. విడిగా చేయవలసిన మరొక చాకిరి.

అరుదైన మాట ఎంత అరుదు?

మాటలను లెక్కపెట్టుట కూడ ఒక శాస్త్రమే. కొలంబియా విశ్వవిద్యాలయపు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ బైబిలు మొదలుకొని పాఠ్యపుస్తకములు, వార్తాపత్రికలవరకు 41 ఆధారములనుండి సుమారు 45 లక్షల మాటలను లెక్కింపజేసి, ఉపాధ్యాయుల కొరకు 10,000 మాటల పట్టికను 1921 లో ప్రకటించాడు. 1944 నాటికి లార్జ్ అనే సహచరునితో కలిసి దానిని 30,000 కు పెంచాడు. గణకయంత్రములు వచ్చిన తరువాత బ్రౌన్ విశ్వవిద్యాలయములో 1961 నాటి అమెరికా రచనలనుండి పది లక్షల మాటలు ఏరి లెక్కించారు. అందులో "ది" అనే మాట ఒక్కటే రమారమి 70,000 సార్లు వచ్చినది. తక్కిన వేలాది మాటలలో సుమారు సగము ఒక్కొక్కసారి మాత్రమే కనబడినవి.

ఈ క్రమమును జార్జ్ జిఫ్ అనే అమెరికను 1935 లోనే సూత్రముగా చెప్పాడు: వాడుకలో ఒక మాట స్థానము ఎన్నవదో, అది వచ్చే సంఖ్య రమారమి అన్నవ వంతుకు తగ్గుతుంది. ఈ లెక్కను ఇంగ్లీషుకు అన్వయిస్తే పదివేలవ స్థానములోని మాట సుమారు లక్ష మాటలకు ఒకసారి వస్తుంది. పుటకు 300 మాటల చొప్పున రోజుకు ఇరువది పుటలు చదివేవానికి ఆ మాట పదిహేడు రోజులకొకసారి తగులుతుంది. మొదటిసారి చూచినదాని గురుతు అప్పటికి చెరగిపోతుంది. పట్టికలు పుట్టుటకు కారణము ఇదే. చదువు ద్వారా వచ్చేదానిని ఆరు నెలలలో తెచ్చుకొనుటకు అడ్డదారి కావలసి వచ్చినది.

ఇదే లెక్కను మరొకవైపునుండి చూచినవాడు మైకేల్ వెస్ట్. ఇండియన్ ఎడ్యుకేషనల్ సర్వీసులో ఉద్యోగియై ఢాకాలో ఉపాధ్యాయుల శిక్షణకళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. బెంగాలీ బాలురు ఏండ్లతరబడి ఇంగ్లీషు చదివి కూడ పుస్తకము హాయిగా చదువలేకపోవుట చూచి, అరుదైన మాటలు తీసివేసి, తరచు వచ్చే మాటలతో వాచకములు వ్రాసినాడు. 1953 లో ఆయన ప్రకటించిన సుమారు 2000 మాటల పట్టిక సామాన్యమైన రచనలో ఐదింట నాలుగు వంతులను కప్పుతుంది. 2000 లో న్యూజీలండుకు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ విద్యాగ్రంథములను లెక్కించి, వెస్ట్ పట్టికకు పైన 570 పదకుటుంబములు నేర్చుకొంటే అటువంటి గ్రంథములలో మరి పదోవంతు చేతికి వచ్చునని చూపినది. హైపాథెసిస్, డిరైవ్, సిగ్నిఫికెంట్ వంటివి ఆ మాటలు. పరిశోధన చేయబోయే విద్యార్థికి దినదినమూ కావలసినవి ఇవి. పరీక్ష అడిగినవి చాలవరకు ఇవి కావు. ఈ సంగతి ఉపాధ్యాయులు గమనింపదగినది.

బైరన్ పద్యములు, అర్థములేని అక్షరములు

మాటలు తూకపురాళ్లు కాకముందే, అవి మనస్సులో ఎంతకాలము నిలుచునో కొలిచే ప్రయత్నము జర్మనీలో జరిగినది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1850 లో పుట్టినాడు. జ్ఞాపకమును కొలుచుట అసాధ్యమని అందరూ అనుకొనే రోజులవి. తెలిసిన మాటలతో పరీక్షిస్తే పాత పరిచయము అడ్డు వచ్చును. కనుక హల్లు, అచ్చు, హల్లు చేర్చి అర్థములేని ముక్కలు సుమారు 2300 కల్పించాడు. పరిశోధకుడు ఆయనే, పరిశోధింపబడేవాడూ ఆయనే. నిమిషమునకు 150 దెబ్బలు కొట్టే తాళయంత్రము ముందు కూర్చుండి, ఒకే స్వరముతో, వరుసగా ముక్కలు చదువుచు తప్పులేకుండ అప్పజెప్పగలిగినంతవరకు వల్లెవేసేవాడు. 1879-80 లో ఒకసారి, 1883-84 లో మరొకసారి ఈ తపస్సు సాగినది. ఫలితములు 1885 లో గ్రంథముగా వచ్చినవి.

ఆయన కొలత చాల తెలివైనది. మరచిపోయినదానిని తిరిగి నేర్చుకొనుటకు పట్టే కాలము మొదటి కాలముకన్న ఎంత తగ్గినదో చూచాడు. మొదట పది నిమిషములు పట్టిన వరుసకు రెండవమారు ఆరు నిమిషములు చాలితే నూటికి 40 వంతులు ఆదా అయినట్లు. ఇరువది నిమిషముల తరువాత ఆదా 58 వంతులు, గంట తరువాత 44, సుమారు తొమ్మిది గంటలకు 36, ఒక రోజుకు 34, రెండు రోజులకు 28, ఆరు రోజులకు 25, నెలకు 21. ఈ అంకెలను గ్రాఫు కాగితముపై వేసిచూచిన విద్యార్థికి విశేషము తెలుస్తుంది. మరపు మొదటి గంటలో కొండమీదినుండి రాయి దొర్లినట్లు దొర్లుతుంది. ఆ తరువాత నత్తనడక నడుస్తుంది. రాత్రి వంద మాటలు బట్టీపట్టి, ఉదయము పుస్తకము తెరచి దిగులుపడే విద్యార్థి ఎబ్బింగ్‌హౌస్ గీతపైనే నిలిచి ఉన్నాడు. 2015 లో నెదర్లాండ్సు పరిశోధకులు అదే పద్ధతిని మరల అనుసరించారు. ఒక మనిషి 70 గంటలు ముక్కలు వల్లెవేయగా వచ్చిన గీత ఆ పాతగీతకు చాల దగ్గరగా ఉన్నది.

ఎబ్బింగ్‌హౌస్ గ్రంథములో మన విషయమునకు పనికివచ్చే మరి రెండు సంగతులున్నవి. ఆయన ఇంగ్లీషు కవి బైరన్ రచించిన "డాన్ జువాన్" కావ్యములోని పద్యములను కూడ ఇట్లే కంఠస్థము చేసి చూచాడు. అర్థము, ఛందస్సు, అంత్యప్రాస ఉన్న పద్యమునకు పట్టిన శ్రమ అర్థములేని ముక్కలకు పట్టినదానిలో పదోవంతు మాత్రమే. మన పూర్వులు అమరకోశమును శ్లోకములలోను, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును పద్యములలోను కూర్చుట అలంకారము కొరకు కాదు.

రెండవది ఇంకను ముఖ్యము. పన్నెండు ముక్కల వరుసను ఒకేరోజు 68 సార్లు చదివి మరునాడు తిరిగి నేర్చినప్పుడు ఎంత ఆదా అయినదో, మూడు రోజులకు పంచి మొత్తము 38 సార్లు చదివినప్పుడు కూడ అంతే ఆదా అయినది. ముప్పది చదువులు మిగిలినవి! ఒకేసారి కుమ్మరించిన నీటికన్న ఆగి ఆగి పోసిన నీరు మొక్కకు ఎక్కువ పట్టుననుట రైతుకు తెలియనిది కాదు. విద్యాలయములు మాత్రము ఈ సంగతిని నూరేండ్లు పుస్తకములోనే ఉంచినవి.

వల్లెవేయుట, అప్పజెప్పుట

తెలుగులో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉండుట చక్కని సదుపాయము. పుస్తకము చూచుచు మరల మరల చదువుట వల్లెవేయుట. పుస్తకము మూసి గురువుకు వినిపించుట అప్పజెప్పుట. వీధిబడిలో నిన్నటి పాఠము అప్పజెప్పనిదే నేటి పాఠము లేదు. ఇది పరీక్షించుటకే అని అందరూ అనుకొన్నారు. అప్పజెప్పుటే నేర్చుకొనుట అని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

1939 లో హెర్బర్ట్ స్పిట్జర్ అమెరికాలోని అయోవా రాష్ట్రమున తొమ్మిది పట్టణములలోని 91 బడులలో ఆరవతరగతి చదివే 3,605 మంది బాలబాలికలపై ఈ విషయమును పరీక్షించాడు. పాఠము చదివిన వెంటనే ఒకసారి ప్రశ్నలు వేయబడినవారికి, అట్లు వేయబడనివారికన్న వారములు గడచిన తరువాత ఎక్కువ జ్ఞాపకమున్నది. 2008 లో కార్పిక్, రోడిగర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 40 స్వాహిలీ మాటలకు ఇంగ్లీషు అర్థములు నేర్పి చూచారు. ఒకసారి వచ్చిన మాటను మళ్లీ మళ్లీ చదువుచు, అప్పజెప్పుట మానినవారు వారము తరువాత మూడోవంతుకు కొంచెము పైగా చెప్పగలిగినారు. చదువుట మాని, అప్పజెప్పుట మానకుండ సాగించినవారు నూటికి 80 చెప్పినారు. చిత్రమేమనగా, వారము తరువాత ఎన్ని గుర్తుంటవని ముందుగా అడిగినప్పుడు అన్ని జట్లవారూ రమారమి సగము అన్నారు. తనకు ఏ పద్ధతి పనిచేయుచున్నదో నేర్చుకొనేవానికే తెలియలేదు.

విరామములిచ్చుట, అప్పజెప్పుట అనే రెండింటినీ కలిపి పనిముట్టు చేసినవారు విశ్వవిద్యాలయాచార్యులకన్న బయటివారే ఎక్కువ. భాషలు బోధించే పాల్ పిమ్స్లర్ 1967 లో ఒక కాలపట్టిక సూచించాడు: క్రొత్త మాటను 5 సెకండ్లకు, 25 సెకండ్లకు, 2 నిమిషములకు, 10 నిమిషములకు, గంటకు, 5 గంటలకు, రోజుకు, 5 రోజులకు, 25 రోజులకు, 4 నెలలకు, 2 సంవత్సరములకు జ్ఞాపకము చేసికొనవలెను. ప్రతి విరామమూ ముందుదానికి రమారమి అయిదింతలు.

1972 లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మను భాషా పత్రికారచయిత ఇంతకన్న సులభమైన ఉపాయము తన పుస్తకములో వర్ణించాడు. అయిదు అరల అట్టపెట్టె; ముందు అరకన్న వెనుక అర వెడల్పు. చీటీకి ఒకవైపు మాట, రెండవవైపు అర్థము. అన్ని చీటీలూ మొదటి అరలో పుట్టును. చెప్పగలిగితే చీటీ వెనుక అరకు పోవును. తప్పితే, ఏ అరలో ఉన్నా, మొదటి అరకు రావలసినదే. వెనుక అరలు నిండినప్పుడే వాటిని తీసి చూడవలెను. కనుక వచ్చిన మాట అరుదుగాను, రాని మాట తరచుగాను ఎదురవుతుంది. కాగితము, కత్తెర, చెప్పులజోడు వచ్చిన అట్టపెట్టె ఉంటే ఏ బడిలోనైనను ఒక గంటలో దీనిని తయారుచేయవచ్చును.

పోలండులోని పోజ్నాన్ పట్టణమున విద్యార్థిగా ఉన్న ప్యోత్ర్ వోజ్నియాక్ ఇంగ్లీషు మాటలు నేర్చుకొనుటకే 1985 లో తనమీద తాను విరామములను పరీక్షించుకొని, 1987 లో ఆ లెక్కను గణకయంత్రమునకు అప్పగించాడు. నేడు చేతిఫోనులలో విద్యార్థులు వాడే పదాభ్యాసపు సాధనములలో పెక్కింటికి ఆయన సూత్రమే మూలము.

మెండు అబద్ధములు, అజ్ఞానము, ప్రజ

విడిగా నిలిచిన మాటకు కొక్కెము కావలెను. 1975 లో ఆట్కిన్సన్, రౌ అనే అమెరికా పరిశోధకులు 120 రష్యను మాటలు నేర్పుచు, ప్రతి మాటకూ దాని ధ్వనిని పోలిన ఇంగ్లీషు మాటను, ఆ రెండింటినీ కలిపే చిత్రమును ఊహింపజేశారు. అట్లు నేర్చినవారు నూటికి 72 చెప్పగా, తక్కినవారు 46 చెప్పినారు. ఆరు వారముల తరువాత అవి 43, 28 అయినవి. ఈ విద్యను తెలుగు విద్యార్థులు ఎవరూ చెప్పకుండగనే ఆచరించవచ్చును. మెండేషస్ అనగా అబద్ధములాడేవాడు. "మెండుగా అబద్ధములు" అనుకొంటే చాలును. పెనూరీ అనగా కటిక పేదరికము. అందులో "పెను" పేదరికము వినబడుచున్నది. ఈ పోలికలు కేవలము కాకతాళీయములు. జ్ఞాపకమునకు మాత్రము కాకతాళీయమైనా ఒకటే, కాకపోయినా ఒకటే.

కాకతాళీయములు కాని పోలికలు కూడ ఉన్నవి. 1786 ఫిబ్రవరి 2 న కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతము, గ్రీకు, లాటినులకు ఒకే మూలము ఉండవలెనని ప్రకటించాడు. తెలుగు ఆ కుటుంబమునకు చెందదని 1816 లో ఎల్లిస్ నిరూపించిన మాట నిజమే. అయినను తత్సమముల రూపమున ఆ కుటుంబపు మూలములు తెలుగు విద్యార్థి నాలుకపై ఉన్నవి. రీగల్‌లోని "రెగ్" మన రాజులో ఉన్నది. ఇగ్నోరెంట్, కాగ్నిజెంట్, అగ్నాస్టిక్ అనే మాటలలోని "గ్నో" అజ్ఞానములోని "జ్ఞా" యే. సంతానమనే అర్థమిచ్చే ప్రోజెనీకీ ప్రజ అనే మాటకూ ఉపసర్గతో సహా ఒకే కూర్పు. వొసిఫరస్‌లోని మొదటి భాగము వాక్కు, రెండవ భాగము భారమును భరించే భృ ధాతువు. మోరిబండ్ అనగా మరణోన్ముఖుడు. మరణము రెండుచోట్లా వినబడుతుంది. సబ్‌జుగేట్‌లో యుగము ఉన్నది. యుగమనగా ఇక్కడ ఎద్దుల మెడపై పెట్టే కాడి. లాటిను, గ్రీకు ధాతువులద్వారా మాటలు నేర్పే నార్మన్ లూయిస్ పుస్తకము 1949 నుండి ప్రచారములో ఉన్నది. దానిని చదివేటప్పుడు సంస్కృతధాతువులను పక్కన ఉంచుకొంటే తెలుగువారికి పని సగమగును.

అయితే ధాతువును గుడ్డిగా నమ్మరాదు. ఇగ్రీజియస్ అనగా మందనుండి వేరుగా నిలిచినది. ఒకప్పుడు గొప్ప అని అర్థము, నేడు మిక్కిలి చెడ్డ అని అర్థము. సంస్కృతములో ఉద్యోగము ప్రయత్నము, తెలుగులో కొలువు. అక్కడ అనుమానము ఊహచేత తెలిసికొనుట, ఇక్కడ సందేహము. మాటలు పుట్టినింటి గుణములను కొన్నిటిని అత్తవారింట వదలివేస్తవి.

పట్టికలోని అర్థముకూడ ఇట్లే మోసము చేయగలదు. టాసిటర్న్‌కు ఎదురుగా "మితభాషి" అని వ్రాసికొన్న విద్యార్థి తప్పు వ్రాయలేదు. కాని తెలుగులో మితభాషి అనుట మెచ్చుకోలు. ఇంగ్లీషులో ఆ మాటలో ముభావము ధ్వనిస్తుంది. ఆ ఛాయ వాక్యములలో చూచినప్పుడే తెలుస్తుంది.

పరీక్ష కట్టినవారు కూడ క్రమముగా ఇటే వచ్చినారు. ఎస్. ఏ. టి. లో 1994 లో వ్యతిరేకపదములను, 2005 లో పోలికలను ఎత్తివేశారు. జి. ఆర్. ఇ. లో ఈ రెండూ 2011 ఆగస్టులో పోయినవి. 200 నుండి 800 వరకు ఉన్న మార్కుల కొలత 130 నుండి 170 కి మారినది. అంతవరకు టాసిటర్న్‌కు వ్యతిరేకము ఏది అని అడిగితే, గారులస్ అని ఒక్కక్షణములో గుర్తించేవారికి జవాబు దక్కేది. ఇప్పుడు వాక్యములో ఖాళీ ఇచ్చి ఆరు మాటలలో రెండింటిని ఎన్నుకొనమంటారు. ఆ రెండింటిలో ఏది పెట్టినను వాక్యము అర్థము ఒకటిగా ఉండవలెను. "సభలలో గంటలకొలది ప్రసంగించే ఆ నాయకుడు ఇంటివద్ద మాత్రము ఎంతో ఇట్టివాడు" అనే వాక్యము అనుకొందము. టాసిటర్న్, రెటిసెంట్ అక్కడ ఇముడును. గారులస్, లొక్వేషస్ కూడ ఆరింటిలో ఉండును. అవి కూడ ఒకదానికొకటి సమానార్థకములే. పట్టిక చూచినవానికి రెండు జంటలూ కనబడును. ఏ జంట కావలెనో "మాత్రము" అనే చిన్నమాట చెప్పుచున్నది. 2023 సెప్టెంబరులో పరీక్షను రెండు గంటలలోపుకు కుదించినప్పుడు కూడ ఈ రకపు ప్రశ్నలను తీసివేయలేదు.